రెండు పిడికిళ్లు ఎక్కువ

మా ఆయన ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి. ఈ మాట నేను ఆయన మొహం మీదే అనేదాన్ని. ఆయనకు కోపం వచ్చేది కాదు. బిరుదేదో ఇచ్చినట్టు తల పంకించి, "ఒక కాకికి పెడితే పేటలో కాకులన్నీ వస్తాయి, అది నీకు తెల్దు" అనేవాడు.

బెంగళూరు పీణ్యలో ఒక మెషీన్ షాపులో లేత్ మీద పనికి చేరి, తర్వాత అక్కడే సూపర్‌వైజర్ అయ్యాడు. జీతం పెరిగింది గాని ఆయన చెయ్యి మాత్రం పెరగలేదు. టూత్‌పేస్టు అయిపోతే ట్యూబును కత్తెరతో నిలువునా చీల్చి, లోపల బ్రష్షుతో గీకి ఇంకో వారం లాగేవాడు. నేను అన్నం వండుతుంటే వెనక నుంచి వచ్చి స్టవ్ ఆపేసి, "మిగిలింది ఆ వేడికే ఉడుకుతుంది" అని వెళ్లిపోయేవాడు. కూరగాయలకు సంత లేచిపోయే వేళకు బయల్దేరేవాడు. మెత్తబడిన టమాటాలు సంచీ నిండా తెచ్చి, దోపిడీ చేసుకొచ్చిన రాజులా నా ముందు కుమ్మరించేవాడు.

నేను దానికి పూర్తిగా ఎదురు. మా అమ్మ బియ్యం కొలిచేటప్పుడు ఇంట్లోవాళ్లకు సరిపడా పోసి, ఆ తర్వాత రెండు పిడికిళ్లు ఎక్కువ వేసేది. ఎవరికమ్మా అంటే, "వచ్చేవాళ్లకు" అనేది. ఎవరొస్తారో ఆమెకూ తెలియదు. ఆ చెయ్యే నాకూ వచ్చింది. మాకు పిల్లలు లేరు, ఇంట్లో ఉన్నది ఇద్దరమే. అయినా ఆ రెండు పిడికిళ్లు వేయకపోతే నాకు వంట చేసినట్టు ఉండేది కాదు. వేసింది ఎప్పుడూ మిగల్లేదు కూడా. వీధి ఊడ్చే ఆమె పని ముగించుకుని, మెట్ల కింద నిలబడి "అక్కా" అని పిలిచేది. తన స్టీలు గిన్నె తనే తెచ్చుకునేది. ఆమె రాని రోజు ఇస్త్రీ బండి ముసలాయన ఉండేవాడు. ఆయనా లేకపోతే మీటరు చూడ్డానికి వచ్చిన పిల్లవాడినైనా కూర్చోబెట్టి తినిపించేదాన్ని.

పెళ్లిళ్ల దగ్గర మా పోట్లాట తారస్థాయికి వెళ్లేది. మా వాళ్లలో ముయ్యి అని ఉంది. మన పెళ్లికి వాళ్లు ఎంత చదివించారో, వాళ్లింటి పెళ్లికి మనం అంతకు కాస్త ఎక్కువ చదివించాలి. ఆ 'కాస్త' దగ్గరే మా ఇద్దరికీ చెడేది. ఆయన కవరులో పెట్టిన నోటు పక్కన, ఆయన చెప్పులు వేసుకునే లోపల, నేను ఇంకో నోటు దూర్చేదాన్ని. తిరిగొచ్చేటప్పుడు బస్సులో తెలిసిపోయేది.

"తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం అంటారు, ఇన్నావా?"

"పెట్టే చెయ్యి ఎప్పుడూ పైనే ఉండాది, అదీ ఇన్నా."

"పైన ఉండే చెయ్యి ఏదో ఒకరోజు కిందికి చాచల్ల. ఆ పొద్దు నీ పక్కన ఎవురూ ఉండరు, చూడు."

బస్సులో జనం నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. ఆయన నవ్వేవాడు కాదు. ఆ మాటలో ఆయనకు నిజంగానే భయం ఉందని నాకు చాలా ఏళ్లకు గాని అర్థం కాలేదు.

ఒకే ఒక్కసారి చెప్పాడు. ఆయన చిన్నప్పుడు బాడిగ కట్టలేదని ఓనరు వాళ్ల సామాన్లన్నీ తీసి వీధిలో పెట్టాడట. ఆ సాయంకాలం వాన పడిందట. అమ్మా నాన్నా ఇంకో ఇల్లు వెతకడానికి పోతే, ఈయన సామాన్లకు కాపలా కూర్చున్నాడు. "గిన్నెల మీద వాన పడే సద్దు ఉండాదే, అది నాకు ఇప్పుడూ ఇనిపిస్తాది" అన్నాడు. ఆ తర్వాత కొన్నాళ్లు నేను ఆయన్ని కాకి మాట అనలేదు. తర్వాత మళ్లీ అలవాటు ప్రకారం అన్నాను.

బెంగళూరులో బాడిగ కాకుండా లీజు అని ఒక పద్ధతి ఉంది. పాతవాళ్లు భోగ్యం అంటారు. ఒక పెద్ద మొత్తం ఒకేసారి ఓనరు చేతిలో పెడితే, ఒప్పందం ఉన్నన్నాళ్లు నెలనెలా బాడిగ లేకుండా ఆ ఇంట్లో ఉండొచ్చు. ఖాళీ చేసేనాడు ఆ మొత్తం అట్లాగే తిరిగిస్తారు. మా ఆయనకు లోకంలో ఇంతకంటే గొప్ప ఏర్పాటు కనిపించలేదు. ఉండనూ ఉన్నాం, డబ్బూ పోలేదు, ఏ ఓనరూ బాడిగ పేరు చెప్పి సామాన్లు బయట పెట్టలేడు. పెళ్లయినప్పటి నుంచి కూడబెట్టిందంతా తీసి పీణ్య దగ్గరే ఒక మూడంతస్తుల ఇంట్లో మధ్య అంతస్తు లీజుకు తీసుకున్నాడు. కింద ఓనరు కుటుంబం, పైన ఖాళీ.

అప్పుడు కూడా ఆయన చెయ్యి ఊరుకోలేదు. ఒప్పందం రిజిస్టర్ చేయిస్తే ఒక ఫీజు, ఇంటి మీద అప్పులున్నాయేమో లాయరుతో చూపిస్తే ఇంకో ఫీజు. రెండూ మిగిల్చాడు. స్టాంపు పేపరు మీద సంతకాలు చేసుకుని పని కానిచ్చారు. "ఓనరు కిందనే ఉండాడు, పొద్దున లేస్తే మొగం చూస్తాం. యాడికి పోతాడు?" అన్నాడు. అట్లా మిగిలిన డబ్బుతో నాకొక మిక్సీ కొన్నాడు. నేను అడగకుండా ఆయన కొన్న వస్తువు మా ఇంట్లో అదొక్కటే.

ఆ సంతోషంలో పై అంతస్తుకు కూడా తనే మనుషుల్ని తెచ్చాడు. వాళ్ల షాపులో పని చేసే మదనపల్లి వైపు కుర్రాడు, అతని భార్య, రెండేళ్ల పాప. ఆ భార్య గార్మెంట్స్ ఫ్యాక్టరీలో పనికి పోయేది. "బాడిగ అంటే నీళ్లల్లో పోసినట్లేనప్పా. నా మాట ఇను, లీజు తీసుకో. రిజిస్ట్రేషన్ గిజిస్ట్రేషన్ ఏమీ వద్దు, నేను కింద ఉండాను కదా" అని ఆ కుర్రాడికి వారం రోజులు నూరిపోశాడు. లీజు డబ్బుకు అతని భార్య తాళి తప్ప ఒంటి మీద బంగారమంతా తీసి ఇచ్చింది.

కింది ఓనరు భార్య మంచి మనిషి. ఆమె కన్నడంలో అడుగుతుంది, నేను తెలుగులో చెప్తాను, ఎవరు ఏ భాషలో మాట్లాడామో ఇద్దరికీ గుర్తుండదు. నన్ను 'తంగి' అనేది, చెల్లెల్ని పిలిచినట్టు. ఒక ఏడాది ఆమెకు కడుపులో ఆపరేషన్ అయింది. ఇంట్లో వండేవాళ్లు లేరు. నేను రోజూ మెత్తటి అన్నం, మిరియాల చారు తీసుకెళ్లి దగ్గర కూర్చుని తినిపించేదాన్ని. మా ఆయన తలుపు దగ్గర నిలబడి, "మన సొమ్మంతా వాళ్ల చేతిలోనే పెడితిమి. ఇంక అన్నం కూడా పంపల్లనా?" అన్నాడు. "దండిగా పెట్టినాం కదా, దీన్ని వడ్డీ అనుకో" అన్నాను. ఆ రోజుల్లో మాకు అట్లాంటి వేళాకోళాలు వచ్చేవి.

ఆ కాగితం గేటుకు అంటించింది నేనే ముందు చూశాను. పాలకు వెళ్లి వస్తున్నాను. బంక ఇంకా ఆరలేదు. పైన ఇంగ్లీషు, కింద కన్నడం. నేను చదువుకున్నది కన్నడ బడిలో కాబట్టి చదవగలిగాను. ఈ ఇల్లు తాకట్టులో ఉందని, అప్పు కట్టనందువల్ల బ్యాంకు స్వాధీనం చేసుకోబోతోందని ఉంది. ఓనరు కొడుకు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఏదో కంపెనీ పెట్టాడని, యాప్ చేస్తున్నాడని మాకు తెలుసు. దానికోసం ఇల్లు తాకట్టు పెట్టారని తెలియదు. కంపెనీ మూతబడింది. కొడుకు ఎక్కడున్నాడో వాళ్లకే తెలియదు. పాల ప్యాకెట్టు నా చేతిలో చల్లగా ఉంది.

మా ఆయన సాయంకాలం వచ్చి గేటు దగ్గర నిలబడి చదివాడు. ఆయనకు ఇంగ్లీషు కూడబలుక్కుని గాని రాదు. చదివి, పైకి వచ్చి, నేను కడిగే టిఫిన్ క్యారియర్‌ను ఆ రోజు తనే కడిగాడు. ఒక్కో గిన్నె నీళ్లు దులిపి బోర్లించాడు. నేను అడగడానికి భయపడ్డాను.

మర్నాడు లాయరు దగ్గరికి వెళ్లాం. ఫీజు అడగ్గానే ఇచ్చాడు, బేరం చేయలేదు. లాయరు మా స్టాంపు పేపరు చూసి అటూ ఇటూ తిప్పాడు. "ఇది రిజిస్టర్ కాలేదు కదా. బ్యాంకు హక్కే ముందు. మీది తర్వాత, అది కూడా నిలుస్తుందో లేదో" అన్నాడు. లేచి వస్తుంటే ఇంకో మాట చెప్పాడు. "ఇల్లు మాత్రం వదలొద్దు. డబ్బు చేతికొచ్చే దాకా లోపలుండటమే మీకున్న బలం. ఇద్దరూ తాళం వేసుకుని బయటికి పోతే, వచ్చేసరికి దాని మీద ఇంకో తాళం ఉండొచ్చు."

ఆ రోజు నుంచి మా ఇల్లు మనిషి లేకుండా ఉన్నది లేదు. ఆయన పనికి పోతే నేను లోపల. ఆయన వస్తే నేను సరుకులకు. గుడికి పోయినా, ఆసుపత్రికి పోయినా ఒక్కరమే. మా పెద్దమ్మ పోతే ఆఖరి చూపుకు కూడా నేను ఒక్కదాన్నే వెళ్లి ఆ పూటే తిరిగొచ్చాను. మేమిద్దరం కలిసి వీధిలో నడవడం మానేశాం. పైవాళ్లకు ఆ మాత్రం వీలు కూడా లేదు. ఇద్దరూ పనికి పోవాలి. పాపను నా దగ్గర వదిలి, "అక్కా, మా వాకిలి కూడా చూస్తా ఉండు" అని చెప్పి పోయేది ఆ పిల్ల. మా ఆయనతో మాత్రం మాట్లాడ్డం మానేసింది. మెట్ల మీద ఎదురైతే గోడ వైపు తిరిగేది.

ఒకరోజు మధ్యాహ్నం ఇద్దరు మనుషులు మెట్లెక్కి వచ్చారు. బూట్ల చప్పుడు. మా గుమ్మం ముందు ఆగింది. తలుపు కొట్టారు. నేను కదల్లేదు. పాప నేల మీద నిద్రపోతోంది. కుక్కరు స్టవ్ మీద ఉంది, ఆవిరి సన్నగా బుసకొడుతోంది, ఇంకాసేపటికి కూత పెడుతుంది. కూత పెడితే లోపల మనిషి ఉన్నట్టు తెలుస్తుంది, తలుపు తీయాల్సి వస్తుంది. మునివేళ్ల మీద మెల్లగా వంటింట్లోకి వెళ్లి స్టవ్ ఆపాను. బయట వాళ్లు ఫోన్లో మా తలుపును ఫోటో తీస్తున్న చప్పుడు వినపడింది. కన్నడంలో ఏదో అనుకుని పై అంతస్తుకు వెళ్లి, అక్కడా కొట్టి, దిగి వెళ్లిపోయారు. అన్నం ఆ వేడికే ఉడికింది. మా ఆయన అన్నట్టే సరిగ్గా ఉడికింది. నేను దాన్ని చూస్తూ ఏడ్చాను.

ఆ సాయంకాలం ఆయన, "ఇంక ఎవురొచ్చినా తలుపు తీయొద్దు. పగలూ గొళ్లెం పెట్టుకో" అన్నాడు.

"ఊడ్చే ఆమె వస్తాదప్పా."

"ఆమె ఎనక ఎవురుంటారో నీకేం తెల్సు?"

అంతే, తలుపు మూసేశాను. ఆమె మెట్ల కింద నిలబడి "అక్కా" అని పిలిచేది. కాసేపాగి మళ్లీ పిలిచేది. నేను తలుపు వెనక నిలబడి వినేదాన్ని. గిన్నె మూత తీసి పెట్టిన చప్పుడు కూడా వినిపించేది. కొన్నాళ్లకు ఆమె పిలవడం మానేసింది. నేను మాత్రం రెండు పిడికిళ్లు వేయడం మానలేదు. మిగిలిన అన్నంలో నీళ్లు పోసి, పొద్దున నేనే తినేదాన్ని. చెయ్యి మాట వినేది కాదు.

బైకు ఆగితే భయం. గేటు గొళ్లెం మోగితే భయం. ఫోన్లో తెలియని నంబరు వస్తే భయం. వీటన్నిటికంటే నన్ను బాగా భయపెట్టింది వేరొకటి. ఒకరోజు చెత్తబుట్టలో టూత్‌పేస్టు ట్యూబు కనిపించింది. సగానికి పైగా పేస్టు ఉంది అందులో. ఆయన పారేశాడు. ఆ తర్వాత గమనించడం మొదలుపెట్టాను. స్టవ్ ఆపడానికి రావడం లేదు. లైటు వేసిన చోట వేసినట్టే ఉంటోంది. కూరగాయలు ఏ వేళకు పడితే ఆ వేళకు, చెప్పిన ధరకే తెస్తున్నాడు. రేపు అనేది ఉందనుకునే మనిషి కదా దాచుకునేది. ఈయన రేపటి కోసం దాచుకోవడం మానేశాడు. ఆ మాట లోపల ఒకసారి అనుకున్నాక నాకు కూర్చుంటే కూర్చోబుద్ధి కాదు, నిలబడితే నిలబడబుద్ధి కాదు. టెర్రస్ తలుపుకు తాళం వేసి తాళంచెవి బియ్యం డబ్బాలో దాచాను. మధ్యాహ్నం అన్నం వేళకు రోజూ ఫోన్ చేసేదాన్ని. "తింటివా?" అనేదాన్ని. "తింటా ఉండా" అనేవాడు. ఎదురుగా చూస్తే తప్ప నమ్మబుద్ధి అయ్యేది కాదు. షిఫ్టు నుంచి రావడం ఆలస్యమైతే, వాకిట్లోకి పోలేను కాబట్టి, వంటింటి కిటికీ దగ్గర నిలబడి సందు చివర చూసేదాన్ని. వెనకటిలా నాతో పోట్లాడితే చాలు, కాకి మాటకు జవాబిస్తే చాలు అనిపించేది. ఒకరోజు కావాలనే, "ఊడ్చే ఆమెకు కొత్త చీర కొనిస్తామా?" అన్నాను. "కొనియ్యి" అన్నాడు.

ఇట్లా ఉండగా ఒక మధ్యాహ్నం తలుపు మెల్లగా చప్పుడైంది. "తంగీ, నేనే" అని గొంతు. ఓనరు భార్య. కాగితం అంటించిన నాటి నుంచి ఆమె మా కంట పడలేదు. తీయాలా వద్దా అని చాలాసేపు గొళ్లెం మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను. తీశాను. ఆమె లోపలికి వచ్చి తనే తలుపు వేసింది. చిక్కి సగమైంది.

"మా పుట్టింట్లో భూమి అమ్మినారు. నా భాగం వచ్చింది. ఇది మా ఆయనకు తెలియదు, తెలిస్తే బ్యాంకుకు పోతుంది. బ్యాంకుకు ఇది ఏ మూలకూ చాలదు, పోయింది పోయినట్టే. మీ లీజు మొత్తానికి సరిగ్గా సరిపోతుంది. నీ ఖాతా నంబరు ఇవ్వు, రేపు వేస్తాను. మీరు ఇంకో ఇల్లు చూసుకుని పోండి" అంది.

ఆమే మళ్లీ, "నేను లేవలేనప్పుడు నా నోట్లో అన్నం పెట్టినావు. ఇద్దరికి ఇచ్చేంత లేదు నా దగ్గర. పైవాళ్లకు చెప్పొద్దు" అంది.

ఆమె వెళ్లాక నేను గొళ్లెం పెట్టి నేల మీద కూర్చుండిపోయాను. పాప వచ్చి నా ఒళ్లో కూర్చుంది. పాప బరువు నా తొడల మీద ఉండగానే నేను అనుకున్న మొదటి మాట, ఎవరికీ చెప్పకూడదు అని. ఊడ్చే ఆమె మళ్లీ వచ్చి మెట్ల కింద పిలిచినా వినపడనట్టు ఉండాలి అని కూడా అనుకున్నాను. సిగ్గు వేయలేదు. అంత భయంలో సిగ్గుకు చోటు లేదు.

ఆయన వచ్చాక చెప్పాను. ఎగిరి గంతేస్తాడని అనుకున్నాను. మళ్లీ మనిషి అవుతాడని అనుకున్నాను. ఆయన చెప్పులు కూడా విప్పకుండా నిలబడి అంతా విన్నాడు. విని, "పైవాళ్లకు?" అన్నాడు.

"పైవాళ్లకు లేదు. ఒకరికే ఉండేది."

"ఆ పిల్లోడు నా మాట ఇని వచ్చినాడు. రిజిస్ట్రేషన్ వద్దని నేనే చెప్తి."

"నువ్వు చెప్తే వాడికి బుద్ధి ఉండల్ల కదా."

"నాకే లేదు, వాడికి యాడ నుంచి వస్తాది?" అన్నాడు. చెప్పులు విప్పి, "సగం వాళ్లకిద్దాం" అన్నాడు.

నా ఒళ్లు మండిపోయింది. ఏళ్ల తరబడి ఒక నోటు కోసం బస్సులో నా పరువు తీసిన మనిషి. వీధి ఊడ్చే ఆమెకు గుప్పెడు అన్నం పెడితే లెక్క అడిగిన మనిషి.

"సగమిస్తే మనకేం మిగుల్తాది? ఆ సగానికి ఇంకో ఇల్లు లీజుకు వస్తాదా? మళ్లీ బాడిగే. నీకు వయసు అయిపోతా ఉండాది. రేపు పని లేకుంటే బాడిగ ఎవురు కడ్తారు? మనకెవురుండారు?"

ఇవన్నీ ఆయన మాటలే. ఆయన నోట్లోంచి తీసి నేను అంటున్నాను. ఆయన తల వంచుకుని వింటున్నాడు.

"తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం అని నువ్వే కదా చెప్తా ఉంటివి" అన్నాను.

"ఇది ధర్మం కాదే" అన్నాడు. "వాళ్ల సామాన్లు బయట పడితే ఆ పాప కూర్చోవల్ల వాటి ముందర. నేను కూర్చోనుండాను."

అయినా నేను ఒప్పుకోలేదు. రెండు రోజులు ఒకరితో ఒకరం మాట్లాడలేదు. డబ్బు నా ఖాతాలోకి వచ్చినట్టు ఫోన్ మోగినప్పుడు కూడా ఆయనకు చెప్పకుండా ఫోన్ బోర్లా పెట్టేశాను. కానీ ఆ రెండు రోజుల్లో ఒకటి చూశాను. పేస్టు ట్యూబు మళ్లీ కత్తెరతో చీల్చి ఉంది. అన్నం ఉడుకుతుంటే వెనక నుంచి వచ్చి స్టవ్ ఆపాడు. ఈ మనిషి నాకు దక్కాలంటే సగం పోవాలి. అది నాకు అర్థమైంది. అర్థమైనా భయం తగ్గలేదు.

మూడో రోజు నేనే కిందికి వెళ్లి ఓనరు భార్యకు చెప్పాను. ఆమె నన్ను చాలాసేపు చూసి, "నీకిచ్చినాను, నువ్వేమైనా చేసుకో" అంది. పైకి వచ్చి ఆయన పక్కన కూర్చుని ఫోన్లో బ్యాంకు యాప్ తెరిచాను. కుర్రాడి ఖాతా నంబరు ఆయన ముందే ఎక్కించి పెట్టాడు. పిన్ నొక్కాలి. నా వేలు తప్పు పడింది. మళ్లీ నొక్కాను, మళ్లీ తప్పింది. ఇంకోసారి తప్పితే లాక్ అవుతుందని ఫోన్ చెప్పింది. అయితే బాగుండు అనుకున్నాను. ఎవరేది అడిగినా ఎన్నడూ వెనక్కి పోని చెయ్యి నాది. ఆ రోజు దాన్ని ముందుకు జరపడానికి నాకు ప్రాణం పోయినంత పనైంది. అప్పుడు ఆయన ఒక్కో అంకె మెల్లగా చెప్పాడు. నేను ఒక్కోటీ నొక్కాను.

పైవాళ్లు ఆ వారమే ఖాళీ చేశారు. చందాపురలో ఒక ఫ్యాక్టరీలో కుర్రాడికి పని దొరికింది. అతను మా ఆయన చేతులు పట్టుకుని ఏదో చెప్పబోయి చెప్పలేకపోయాడు. అతని భార్య నాతో "పోయొస్తానక్కా" అని, మా ఆయన వైపు చూడకుండానే ఆటో ఎక్కింది. ఆమెకు పోయిన సగం బంగారం మా ఆయన మాట విన్నందుకే పోయింది. నిజమే కదా, ఆమె ఎందుకు చూడాలి.

మేము నాలుగు వీధుల అవతల ఒక గదీ, వంటిల్లూ బాడిగకు తీసుకున్నాం. సామాన్లు తోలుకొచ్చిన రోజు వాన లేదు. అయినా ఆయన అన్నిటికంటే ముందు గిన్నెల మూట లోపల పెట్టించాడు. బయట బండి ఆగితే నేను ఇప్పటికీ ఉలిక్కిపడతాను. తాళం వేసి ఇద్దరం కలిసి అంగడికి పోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. అయినా ఒకరం ఇంట్లో ఉండిపోతాం.

మొదటి నెల బాడిగ కట్టి వచ్చిన పొద్దున ఆయన వంటింటి గడప మీద కూర్చున్నాడు. నేను డబ్బాలోంచి బియ్యం తీస్తున్నాను.

"ఇన్నేండ్లు అడిగినోళ్లకంతా ఇస్తా ఉంటివి కదా" అన్నాడు. "నీకు భయం కాలేదా?"

ఆయన ఎగతాళికి అడగలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. నేను కూడా అంతవరకు ఆలోచించని సంగతి.

"యాల భయం? నువ్వు దాస్తా ఉంటివి కదప్పా" అన్నాను.

"మరి ఇప్పుడు?" అన్నాడు.

నా చెయ్యి ఇంకా బియ్యం డబ్బాలోనే ఉంది. ఇద్దరికి సరిపడా కొలిచి పోశాను. మూత పెట్టేశాను.